చేను కనిపిస్తుంది, గది కనిపించదు

పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. పత్తి చేనులో అంతర పంటగా గంజాయి, ఇన్ని మొక్కలు పీకివేత, రైతుపై కేసు. ఓసారి నార్నూర్, ఇంకోసారి గాదిగూడ, జైనూర్, కెరమెరి, తిర్యాణి. మండలం మారుతుంది, మొక్కల లెక్క మారుతుంది, ఫొటో మాత్రం మారదు. వెనుక వరుసలో పోలీసులు, ముందు వేళ్లకు మట్టి అంటిన పచ్చి మొక్కల కట్ట, పక్కన తల దించుకున్న మనిషి. విత్తనం ఇచ్చి, కొంత పైకం ముందే చేతిలో పెట్టి, కోత కాగానే సరుకు ఎత్తుకుపోయే సరిహద్దు అవతలి వ్యాపారి ఆ ఫొటోలో ఎప్పుడోగానీ ఉండడు.

ఇదే మొక్క 2018 మార్చిలో హైదరాబాద్ మణికొండలోనూ దొరికింది. ఈసారి చేను లేదు, మూడు పడక గదుల ఫ్లాటు ఉంది. నలభై కుండీలు, పైన ఎల్ఈడీ దీపాలు, ఫ్యాన్లు, చల్లదనానికి ఏసీ. ఆ సాగు ఇంటర్నెట్ వీడియోలు చూసి నేర్చుకున్నదని పోలీసులు చెప్పారు. ఊరు ఊరంతా తిరిగే దారి పక్క చేనులో మొక్క పెంచినవాడు, తెర వేసిన గదిలో పెంచినవాడు చట్టం ముందు సమానమే. చట్టం కంటపడే అవకాశంలో మాత్రం ఇద్దరికీ పోలికే లేదు. గత పదేళ్లలో ఈ తేడాను ఇంతగా పెంచింది ఒక చిన్న దీపం.

నీలి కాంతినిచ్చే ఎల్ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ నీలి దీపం లేకుంటే ఇవాళ మన ఇళ్లలో తెల్ల ఎల్ఈడీ బల్బు ఉండేది కాదు. అదే ఏడాది మన దేశంలో ప్రభుత్వ కొనుగోళ్లలో 310 రూపాయలు పలికిన ఎల్ఈడీ బల్బు, ఉజాలా పథకం పుణ్యాన కొన్నేళ్లకే 38 రూపాయలకు దిగింది. దీపం చౌకైతే దాని కింద ఏదైనా పెంచవచ్చు. పాలకూర నారు, టిష్యూ కల్చర్ అరటి పిలకలు, ఆర్కిడ్ పూలు, గంజాయి. దీపానికి ఆ తేడా తెలియదు.

అంతకుముందు అమెరికాలో ఇళ్లలో గంజాయి పెంచేవాళ్లు సోడియం, మెటల్ హాలైడ్ దీపాలు వాడేవారు. కొలిమిలా కాలే ఆ దీపాల వేడే వాళ్లను పట్టించేది. ఆరెగాన్ రాష్ట్రంలో కైలో అనే వ్యక్తి ఇంటి గోడల వేడిని పోలీసులు రోడ్డు మీద నుంచే థర్మల్ కెమెరాతో చూసి, దాని ఆధారంగా సోదా చేశారు. వారెంటు లేకుండా ఇంట్లోకి అలా తొంగిచూడటం రాజ్యాంగ విరుద్ధమని 2001లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పునిచ్చింది. ఆ దేశపు మొత్తం కరెంటులో దాదాపు ఒక శాతం ఇండోర్ గంజాయికే పోతోందని 2012లో ‘ఎనర్జీ పాలసీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎల్ఈడీలు వచ్చాక వేడి తగ్గింది, కరెంటూ తగ్గింది. పోలీసులకు దొరికే ఆనవాళ్లూ వాటితోపాటే తగ్గాయి.

అయితే దీపం ఎండకు సాటి వస్తుందా? ఇక్కడ చిన్న లెక్క వేయాలి. మొక్క తినేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి కణాలను. నడి మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద ప్రతి సెకనుకూ సుమారు 2,000 మైక్రోమోళ్ల కాంతి కణాలు పడతాయి. మంచి ఎల్ఈడీ దీపం ఒక వాటుకు సెకనుకు రెండున్నర మైక్రోమోళ్లు ఇస్తుందనుకుందాం. అంటే ఒక్క చదరపు మీటరులో మధ్యాహ్నపు ఎండ సృష్టించాలంటే 800 వాట్లు కావాలి. ఎకరానికి 32 లక్షల వాట్లు, అంటే మూడు మెగావాట్ల పైమాటే. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు పేరు తెచ్చిన రామగుండం ఎన్టీపీసీ పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఆ కరెంటంతా దీపాలకే మళ్లించినా 800 ఎకరాలకు మించి ఎండ కాయించలేం. ఆదిలాబాద్ రైతుకు ఆ ఎండ ఉచితం.

కాబట్టి దీపం కింద సాగు ఎవరికి గిట్టుతుందో ఈ లెక్కే చెబుతుంది. కిలో ధర ఆకాశంలో ఉంటేనే గిట్టుతుంది. బ్యాంకాక్ నుంచి శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుల పెట్టెల్లో 2025లో పదేపదే దొరికిన, మట్టి లేకుండా పోషకాల నీటిలో పెంచే హైడ్రోపోనిక్ గంజాయికి అధికారులు కట్టిన విలువ కిలోకు కోటి రూపాయల దాకా ఉంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో ఈ మొక్కను మత్తు పదార్థాల జాబితా నుంచి తీసేసి, మూడేళ్లకు మళ్లీ పగ్గాలు బిగించింది. ఈ నడిమి కాలంలో అక్కడ దీపాల కింద పండిన సరుకు ఇక్కడి సంపన్న కుర్రకారుకు అలవాటైంది. పత్తి సాళ్ల మధ్య పెరిగిన గంజాయికి ఆ ధరలో ఆవగింజంత కూడా రాదు. మొక్క పెంచినందుకు శిక్ష మాత్రం రెండింటికీ ఒకటే.

ఇప్పుడు దీపాల సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. ఈ దీపాలు కొనేవాళ్లలో, తయారు చేసుకునేవాళ్లలో ఎక్కువమందికి గంజాయితో పనిలేదు. నారు పెంచేవాళ్లు, మిద్దె తోటల వాళ్లు, చేపల తొట్టిలో మొక్కలు పెట్టుకునేవాళ్లు. అట్టపెట్టె మీద 1000 వాట్లు అని ఉంటుంది. ప్లగ్గుకూ దీపానికీ మధ్య వాట్‌మీటరు పెట్టి చూస్తే లాగేది చాలాసార్లు వంద, నూటయాభై. మిగిలినది అచ్చు అక్షరాల వెలుగు. ఇక ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలిచేవాళ్లది ఇంకో తంటా. లక్స్ అనేది మనిషి కంటి కోసం చేసిన కొలత. మన కన్ను పచ్చటి కాంతికి, 555 నానోమీటర్ల దగ్గర, బాగా స్పందిస్తుంది. ఎరుపు, నీలం కలిసిన ఊదారంగు దీపం కింద లక్స్ మీటరు చాలా తక్కువ చూపిస్తుంది, మొక్కకు మాత్రం నిండుగా అందుతూ ఉంటుంది. తెల్ల ఎల్ఈడీకైతే రమారమి 70 లక్స్‌కు ఒక మైక్రోమోలు, ఎండకైతే 54 లక్స్‌కు ఒకటి అని లెక్కగట్టవచ్చు. ఊదా దీపానికి ఈ లెక్కేదీ చెల్లదు. సరైన సాధనం కాంతి కణాలను లెక్కించే క్వాంటమ్ మీటరు. దాని ధర మామూలు మనిషి కొనేటట్టు ఉండదు.

సొంతంగా దీపం బిగించుకునేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. కరెంటును దీపానికి తగ్గట్టు సర్దే డ్రైవర్ అక్కర్లేదంటూ బజారులో చౌకగా అమ్మే చిప్పు పలకల మీద 230 వోల్టులు నేరుగా ఉంటాయి. నీళ్లు చల్లే చోట, తేమ నిండిన గదిలో అది ప్రాణాంతకం. అల్యూమినియం హీట్‌సింక్ సరిగా లేకపోతే దీపం నెలల్లోనే మసకబారుతుంది. ఇదంతా చెప్పడం ఎందుకంటే, రేపు పోలీసులు ఎక్కడైనా ఊదా దీపం కనిపించగానే అనుమానపడటం మొదలుపెడితే దెబ్బ తినేది నర్సరీ నడుపుకునే యువకుడు. దీపం కొనడం, బిగించడం నేరం కాదు. ఆ మాట పై అధికారులు ఠాణాల దాకా చేరవేయాలి.

కొలత గురించి ఆదిలాబాద్ రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మార్కెట్ యార్డులో తేమ మీటరు ముందు నిలబడి ఏటా అనుభవించేదే. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ (సీసీఐ) మీటరులో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే బండి వెనక్కి. వానలు వెనకబడి, గులాబీ పురుగు తిని, మిగిలిన పత్తి ఈ మీటరు దగ్గర ఆగిపోతే, సాళ్ల మధ్య నాలుగు మొక్కలు వేస్తే తప్పేంటన్న ఆలోచన పుడుతుంది. అది తప్పే. ఆ రైతు తెలియక చేశాడని వకాల్తా పుచ్చుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చాలామంది తెలిసే చేస్తున్నారు.

అసలు గొడవ శిక్షను పంచిన తీరులో ఉంది. మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సరుకు దగ్గర ఉంటే కిలో, ఇరవై కిలోలు అని మెట్లున్నాయి. సాగుకు మెట్లు లేవు, ఒక మొక్కయినా వెయ్యి మొక్కలైనా అదే సెక్షన్. పూత, కాయ తలలే గంజాయి అని చట్టం నిర్వచించింది. తలలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. పట్టుబడినప్పుడు కాండం, వేరు కలిపి తూచారన్న వాదన బెయిలు పిటిషన్లలో మళ్లీ మళ్లీ వినిపించేది ఇందుకే. తాను సాగు చేసిన భూమిలో మొక్క కనిపిస్తే నిర్దోషినని రుజువు చేసుకునే భారం 54వ సెక్షన్ కింద ఆ మనిషి మీదే పడుతుంది. భూమిలో ఇలాంటి సాగు జరుగుతోందని తెలిస్తే సర్పంచి, గ్రామాధికారి వెంటనే సమాచారమివ్వాలని 47వ సెక్షన్ ఆదేశిస్తుంది. అంటే ఊళ్లో పదిమంది కళ్లను చట్టమే కాపలా పెట్టింది. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడి మీద అలాంటి బాధ్యత ఏదీ ఈ సెక్షన్‌లో లేదు.

దీనికి తోడు 2021 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గంజాయి మీద సమీక్ష పెట్టి, సాగు చేసేవాళ్లకు రైతుబంధు పెట్టుబడి సాయం నిలిపేస్తామని ప్రకటించారు. ఎన్‌డీపీఎస్ చట్టంలో లేని శిక్ష అది. ఎకరానికి ఏడాదికి పదివేల రూపాయలు వచ్చే గిరిజన కుటుంబానికి ఆ కోత ఎంత బరువో చెప్పనక్కర్లేదు. భూమి ఒకరి పేర, సాగు ఇంకొకరిదైతే ఎవరికి కోత పెట్టాలి? నేరం అన్నదమ్ముల్లో ఒకడు చేస్తే ఉమ్మడి పట్టా సంగతేంటి? మణికొండ ఫ్లాటులో పెంచినవాడికి కోసేందుకు రైతుబంధు లేదు. దీపం కింద పంటకు పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. గృహరుణం మీద వడ్డీ రాయితీ రద్దు చేస్తామనో, ఆదాయపు పన్ను మినహాయింపు తీసేస్తామనో ఏ ప్రభుత్వమూ అనలేదు.

నిఘాలోనూ ఇదే ఒరవడి. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు, డ్రోన్లు ఎగరేశారు. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధక విభాగం 2025 జూన్‌లో ‘ఈగల్’ అయింది. గద్ద చూపు ఎంత వాడిదైనా స్లాబు కింద ఏముందో చూడలేదు. గదిలో సాగును పట్టుకోవాలంటే సరఫరా దారిని వెతకాలి. విత్తనాల పార్శిళ్లు, ఆన్‌లైన్ చెల్లింపులు, కొనుగోలుదారుల గొలుసు. అది ఓపికతో కూడిన పని, చేతిలో మొక్కల కట్టతో ఫొటో దిగేంత తేలిక కాదు. కోర్టు అనుమతితో చేయాల్సిన పని కూడా.

రైతుబంధు స్థానంలో 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇస్తోంది. కోత పెడితే పోయే మొత్తం పెరిగిందన్నమాట. ఈ పథకాన్ని గంజాయి కేసులతో ముడిపెట్టేట్లయితే కోర్టు దోషిగా తేల్చాకే, అదీ తేలిన మనిషి వాటా మీదే కోత పడేలా ప్రభుత్వం రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి. పోలీసు శాఖ వార్షిక నివేదికల్లో చేనులో పట్టుబడిన కేసులు, గదుల్లో పట్టుబడిన కేసులు, విత్తనమిచ్చి సరుకు కొన్న వ్యాపారులపై పెట్టిన కేసులు మూడు వేర్వేరు గడుల్లో చూపాలి. జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల ఒక క్వాంటమ్ మీటరు పెట్టి, నారు పెంచే యువకులు తెచ్చిన దీపాలను కొలిచి ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఇవి మూడూ కొత్త చట్టం అక్కర్లేని పనులు. వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోగా చేయదగినవి.