మూడున్నర రూపాయల వడ్డీ అని పిల్లలకు మనమే చెప్పాలె

ఈసారి వడ్ల ధర గురించో, సాగర్ కాల్వ నీళ్ల గురించో రాస్తలేను. మా ఇంట్ల జరిగిన సంగతి. రాయాలంటే సిగ్గుగనే ఉంది, కానీ ఇంకో ఇంటికి పనికొస్తదని రాస్తున్న.

మా చిన్నోడు హైదరాబాద్‌ల ప్రైవేటు కొలువు చేస్తడు. జీతం 22,000. చేరిన మూడు నెలలకే ఒక బ్యాంకోళ్లు ఫోన్ చేసి క్రెడిట్ కార్డు ఇచ్చిన్రు. సెల్‌ఫోను, దోస్తు పెండ్లికి బట్టలు, అన్నీ కలిపి బిల్లు 40,000 అయింది. నెలకు 2,000 ‘మినిమం’ కడితే చాలని బిల్లు మీద ఉంది. వాడు అదే కట్టుకుంట పోయిండు. కార్డు మళ్ల గీకలేదు. ఏడాదిల 24,000 కట్టినా బాకీ ఇంకా 34,000 పైనే ఉంది. నడుమ ఒక నెల తప్పితే రికవరీ వాళ్లు నాకే ఫోన్ చేసిన్రు. అప్పుడు నేను పొలం కాడ కోత మిషన్ ఎనక ఉన్న. యాసంగి వడ్ల పైసలు అటే పోయినయి.

వాడు ఇంటికొచ్చినంక ఇద్దరం కాగితం పెట్టుకొని లెక్క చేసినం. నెలకు మూడున్నర శాతం వడ్డీ. 40,000కు 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 252. కట్టిన 2,000ల అసలుకు పోయింది 348 రూపాయలే. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. మన ఊర్ల రెండు రూపాయల వడ్డీ అంటేనే ఆలోచిస్తం. మూడున్నరకు ఆపదొస్తే తప్ప ఎవ్వడు తేడు. మా వాడు బట్టలకు తెచ్చిండు.

నాకెందుకు చెప్పలేదురా అంటే, ‘నువ్వు గూడ ఏటా బ్యాంకుల తెస్తవు గద నాయినా, గిది గూడ గంతే అనుకున్న’ అన్నడు. ఆ మాట నాకు బాగ తగిలింది.

మనకు 1998 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల దాక పంట రుణం ఏడాదికి 7 శాతం, గడువుల కడితే 4 శాతమే పడుతది. నూటికి నెలకు ముప్పావలా గూడ కాదు. పేరు రెండిటికీ క్రెడిట్ కార్డే. తేడా మనం ఎన్నడన్న పిల్లలకు చెప్పినమా? వాళ్లు చూసింది ఏంది? మనం ఏటా వడ్డీ కట్టి రెన్యూవల్ చేసుకునుడు, మాఫీ కోసం ఎదురుచూసుడు. 2024ల 2 లక్షల దాక మాఫీ అంటే ఇంట్ల పండుగ చేసుకున్నం. కార్డు అప్పుకు మాఫీ ఏ సర్కారూ చెయ్యదు. కట్టకపోతే సిబిల్ చెడుతది, రేపు ఇంటి లోన్ అడిగితే ఇయ్యరు. 2008ల జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటొద్దన్నది. 2024 డిసెంబరుల సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఆ అడ్డు గూడ లేదు.

చదువుకున్న పిల్లలకు మనమేం చెప్తం అంటరు కొందరు. శాతాలు వాళ్లకు తెలుసు. నూటికెంత అని అడిగే అలవాటు మనది, అది వాళ్లకు రాలే. ఇంటర్ అయి పట్నం పోకముందే అరుగు మీద కూసోబెట్టి మన అప్పుల లెక్క వాళ్లతోనే చేయించుండ్రి. కార్డు వద్దని నేను అంటలేను. గడువు లోపల బిల్లు మొత్తం కట్టేటోడికి వడ్డీ పడదు. మినిమం కట్టి మిగిలింది పెట్టుకుంటే, ఆ తర్వాత కొన్న వస్తువులకు గూడ కొన్న దినం నుంచే వడ్డీ పడుతది. కార్డు మీద ఏటీఎంల పైసలు తీస్తే తీసిన దినం నుంచే మొదలైతది, ఫీజు వేరే.

అన్నిటికంటే ముఖ్యం, అప్పు అయితే ముందు ఇంట్ల చెప్పేటట్టు ఉండాలె. తిడుతరని దాచిపెట్టి, కార్డు బాకీ తీర్చనీకి లోన్ యాప్‌ల పడుతరు. 2020ల ఆ యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలనే పాణాలు తీసుకున్నోళ్లు ఉన్నరు. 40,000 పోతే ఇంకో పంటకు వస్తయి. పోరడు పోతే రాడు.

మీ పిల్లలకు ఈ రాత్రే ఒక ఫోన్ చేయుండ్రి. కార్డు ఉందా, బాకీ ఎంత, నూటికెంత అని అడుగుండ్రి. కోపం చేయకుండ అడుగుండ్రి.