ఆటలో అరటిపండు

మా క్యారీలో పిల్లలు ఆడుకోవడం లేదు, అప్లికేషన్ నింపుకుంటున్నారు. ఎంసెట్ ర్యాంకుల గోల వదిలి వచ్చామని మురిసిపోయే మనమే ఇక్కడ ఫెన్సింగ్‌కీ డిబేట్‌కీ ర్యాంకులు కడుతున్నాం.

మావాడికి క్రికెట్ ప్రాణం. 2023లో మేజర్ లీగ్ మ్యాచులు జరిగిన చర్చ్ స్ట్రీట్ పార్కు పక్కనే, మోరిస్‌విల్‌లో ఉంది. అయినా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జాబితాలో క్రికెట్ లేదని బ్యాటు గరాజ్‌లో పడేయించి, ఈతలో చేర్పించాను. తెల్లవారుజామున అయిదింటికి నిద్రమొహంతోనే కారెక్కించేవాణ్ణి.

కాలేజీలేమో విద్యార్థిని "సంపూర్ణంగా" చూస్తామంటాయి. హార్వర్డ్ మీద 2018లో జరిగిన విచారణలో తేలిందేమిటి? కోచ్‌లు కోరిన ఆటగాళ్ళకి సీటు మిగతావాళ్ళకంటే ఎన్నో రెట్లు తేలిక. వ్యక్తిత్వానికిచ్చే రేటింగులో మాత్రం ఆసియా పిల్లలు సగటున వెనక! 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కాలేజీకీ, మా పొరుగునున్న చాపెల్‌హిల్‌కీ జాతిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పింది. కోచ్‌ల చిట్టా చిట్టాలాగే ఉంది. ఇక 2019లో బయటపడ్డ కుంభకోణం సంగతి తెలిసిందే: తెడ్డు పట్టని పిల్లల్ని పడవపందేల వీరులుగా చూపించి, డబ్బున్నవాళ్ళు సీట్లు కొన్నారు.

బాగా ఆడేవాణ్ణి టీములో పెట్టుకోండి, కాదనను. తరగతి గదిలో సీటుకి దానితో ఏం పని?

అడిగే అర్హత నాకుందా? నేనూ ఆ సంతలో బేరమాడినవాణ్ణే, డబ్బుకి బదులు వాడి నిద్రతో.

మొన్న వాడే అడిగాడు, "నాన్నా, ఈత మానేయనా?" అని.

"అప్లికేషన్ పంపాక," అన్నాను.