వేడెక్కనిదే పలక పలకదు

తిరుపతిలో, అలిపిరి మెట్ల మొదట్లో, తలయేరు గుండుకు కాస్త ఎడంగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన చెప్పులు విప్పి సంచిలో సర్దుకుంటున్న పెద్దాయన "ఏం వింటా ఉండావు నాయనా, సుప్రభాతమా?" అని అడిగాడు. ఒక ఇయర్‌ఫోను తీసి ఆయనకిచ్చాను. పది సెకన్లు విన్నాడో లేదో, కాలిన గిన్నె ముట్టుకున్నట్టు తిరిగి నా చేతిలో పడేశాడు. "కొండ కింద కూచోని వినేదానికి ఇదేం రోత సామీ!" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట ఆయనకు నేర్పిన ఊరి మీద ఉంది. ఆ ఊరు నాది కూడా కాబట్టి జవాబు చెప్పే హక్కూ నాకుంది.

ఆయన విన్నది స్లిఫ్ట్ అనే ఫ్రెంచి బ్యాండు తొలి ఆల్బం. 2018లో వచ్చింది. పేరు ‘లా ప్లానెట్ ఇనెక్స్‌ప్లోరే’. ఎవరూ కాలు పెట్టని గ్రహం అని అర్థం. తులూజ్ నగరానికి చెందిన ముగ్గురే మనుషులు. ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు గిటారు, ఒకడు బేసు. మూడోవాడు డ్రమ్ములు. ముగ్గురూ కలిసి పెద్ద గుండునొకదాన్ని ఎదురెక్కుడుగా దొర్లిస్తున్నట్టుంటుంది ఆ మోత. గొంతు ఎక్కడో లోయలోంచి, ఎకోలో నానిపోయి వస్తుంది. ఈ తరహాను స్పేస్ రాక్ అంటారు. అందులో పెద్ద రహస్యమేం లేదు. ఒక శ్రుతి పట్టుకోవాలి, వదలకూడదు. దాని మీద ఒకటే పలుకును పదిసార్లు, ఇరవైసార్లు తిప్పి తిప్పి వాయించాలి. మొదట విసుగు పుడుతుంది. ఇంకాసేపటికి ఆ విసుగే చచ్చిపోతుంది. ఆ తర్వాతే అసలు సంగీతం మొదలవుతుంది.

ఈ దారి వేసినవాళ్లలో లండన్ బ్యాండు హాక్‌విండ్ ముందు వరసలో ఉంటుంది. 1970లో తొలి ఆల్బం తెచ్చింది. ల్యాబుల్లో పరికరాలను పరీక్షించే ఆడియో జనరేటర్లను వేదికెక్కించి, వాటితో కూతలూ ఈలలూ పుట్టించింది. 1972లో వాళ్ల ‘సిల్వర్ మెషీన్’ బ్రిటన్ పాటల పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది. ఈ రాక్‌లో గిటారును చించినట్టు వినిపించే మోతను ఫజ్ అంటారు. దాని సంగతి ఇంకా వింత. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక స్టూడియో మిక్సరు పాడైతే పుట్టిన శబ్దమది. శబ్దం అలను మోతాదుకు మించి పెంచేస్తే దాని నెత్తి తెగిపోయి మొండి అవుతుంది. ఆ మొండితనమే ఫజ్. తప్పని పారేయాల్సిన శబ్దాన్ని అమెరికావాళ్లు పెట్టెలో పెట్టి అమ్ముకున్నారు, అరవై ఏళ్లుగా సంగీతం చేసుకుంటున్నారు.

"అయితే మాకేంటి?" అంటారా? వినండి.

తులూజ్ ఫ్రాన్సులో అంతరిక్షానికి పెట్టింది పేరు. ఆ దేశపు అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ పెద్ద కేంద్రం అక్కడే ఉంది. వాళ్లూ మన ఇస్రో కలిసి చేసిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం 2011 అక్టోబరు 12న ఎక్కడినుంచి ఎగిరింది? శ్రీహరికోట నుంచి. 2022 నుంచి శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది? తిరుపతి జిల్లాలో. అంటే ఆ ఊరికీ మన ఊరికీ ఆకాశంలో చుట్టరికం ఉంది. ఆ ముగ్గురు కుర్రాళ్లు స్పేస్ రాక్ ఎత్తుకోవడానికి కారణం అదేనని నేననను. కానీ మన దగ్గర ఏముందో ఒకసారి లెక్కపెట్టుకోండి. స్పేస్ కావాలా? రాకెట్ ఎగిరే ముందు దాని చిన్న నమూనా చేతపట్టుకుని శాస్త్రవేత్తలు ఈ అలిపిరి మీదుగానే కొండకు వెళ్తారు. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 1024 యాంటెనాలు నేలమీద బారులు తీరి, పైకి పంపిన తరంగం గాలి పొరలకు తగిలి తిరిగొచ్చే సన్నని ఎకో కోసం చెవి ఒగ్గి ఉంటాయి. రాక్ కావాలా? కొండమీద శిలాతోరణం ఉంది. ఘాట్ రోడ్డు పక్కన రెండు రాతిపొరల మధ్య కోట్ల ఏళ్ల కాలం గల్లంతైన చోటు ఉంది, భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు బస్సులేసుకుని వచ్చి చూసిపోతారు. స్పేసూ మనదే, రాకూ మనదే. లేనిది పాట ఒక్కటే!

ఎందుకు లేదంటే మూడు జబ్బులున్నాయి.

మొదటిది, పాతదాన్ని తాకితే కాపీ అనే జబ్బు. ఈ ఆల్బం విని నా స్నేహితుడే "యాభై ఏళ్ల నాటి సరుకు, అట్ట మాత్రం కొత్తది" అని తీసిపారేశాడు. సరే, తాళ్లపాక అన్నమయ్య సంగతి చూద్దాం. ఆయన రాసినవి 32 వేలంటారు. రాగిరేకుల మీద మనకు దక్కినవి దాదాపు 14 వేలు. ఆ రేకుల మీద రాగం పేరు చెక్కారు, స్వరం చెక్కలేదు. ఇవాళ మనం కళ్లు మూసుకుని తలూపే బాణీల్లో చాలా మటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు, ఆ తరవాతివాళ్లు పోయిన శతాబ్దంలో కట్టినవే. 15వ శతాబ్దపు మాటకు 20వ శతాబ్దపు గొంతు! దాన్ని కాపీ అంటారా? అనరు, సంప్రదాయం అంటారు. సరైన మాటే. మరి 1970 నాటి మోతను 2018లో మళ్లీ వేడిచేసి తినిపించిన కుర్రాళ్లకు ఆ మాట ఎందుకు ఇవ్వరు? పాతదనం పెట్టెలో దాచిన పట్టుచీర కాదు. కట్టుకుంటేనే బతుకుతుంది.

ఆ ఆల్బంలో లోపాలు లేవని నేను చెప్పను. అక్కడక్కడా తొందర ఉంది, గొంతు మోతలో మునిగిపోతుంది, తాతల నీడ మరీ చిక్కగా పడిన చోట్లున్నాయి. తొలి ఆల్బం కదా, కాళ్లు తడబడతాయి. కానీ నడిచారు. 2020లో ‘ఉమ్మన్’ అనే డబుల్ ఆల్బంతో సొంత దారి పట్టారు. మనం ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాం.

రెండోది, పుణ్యక్షేత్రంలో సంగీతం మెత్తగానే ఉండాలనే జబ్బు. ఎవరు చెప్పారయ్యా మీకు? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రండి. వెంకన్నకు చెల్లెలని ఈ ఊరు నమ్మే తల్లి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... మగవాళ్లు చీరలు కట్టి, ఒళ్లంతా బొగ్గూ కుంకుమా పూసుకుని, బూతులు తిడుతూ వీధులన్నీ తిరుగుతారు. అది భక్తి కాదని చెప్పే ధైర్యం మీకుందా?

ఆ జాతరలో వాయించే తోలు వాద్యం పలక. దాన్ని కాచడం దగ్గర్నుంచి చూడండి. వీధి మొగన గడ్డీ గాదరా పోగేసి మంట వేస్తారు. పలకను మంటకు ఎదురుగా పట్టి మెల్లగా తిప్పుతారు. రాత్రి తేమకు వదులైన తోలు బిగుస్తుంది. వాయించేవాడు వేలితో ఒక్కసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. శబ్దం చచ్చుగా ఉంటే మళ్లీ మంటకే. ఖంగున మోగిందా, భుజానికి తగిలించుకుని లేస్తాడు. ఇంతా చేస్తే ఆ బిగువు కాసేపే, మళ్లీ కాచాలి. వేడెక్కనిదే పలక పలకదు.

ఇప్పుడు మీ తాతగారి వాల్వు రేడియో గుర్తు తెచ్చుకోండి. స్విచ్చి వేశాక ఆగాలి. లోపల తీగ ఎర్రబడాలి. అప్పుడుగానీ గొంతు విప్పేది కాదు. ఈ బరువు రాక్ వాయించే బ్యాండ్లు ఇవాళ్టికీ ఆ వాల్వులున్న ఆంప్లిఫయర్లనే మోసుకు తిరుగుతాయి. మంట ముందు పలక, గాజుబుడ్డిలో తీగ, రెండింటిదీ ఒకటే నీతి. శబ్దానికి ఒళ్లు కాలాలి.

శ్రుతి సంగతీ అంతే. నాదస్వరం పక్కన బుగ్గలు పూరించి ఒకే స్వరం పట్టి నిలబడే ఒత్తు మనిషి స్థానంలో మనం శ్రుతి పెట్టెను పెట్టేశాం. తంబురనూ మీట నొక్కితే మోగే యంత్రం చేశాం. 1966లో బీటిల్స్ తంబుర నాదాన్ని తమ పాటకు పునాదిగా వేసుకున్నారు. ఒకే శ్రుతి మీద ఊరేగే ఆ కొత్త రాక్‌లో మన ఇంటి వాసన అప్పుడే కలిసింది. వాళ్లు తీసుకున్నది మనం ఇంటిముందు పారేసింది.

మూడోది సినిమా జబ్బు. తెలుగువాడి నోట ఆల్బం అంటే సినిమా పాటల మూట. మూడున్నర నిమిషాలు దాటితే మనకు ఆవలింత. ఒకసారి మా వైపు ఒక కాలేజీ వేడుకలో నలుగురు పిల్లలు ఎక్కారు. పాత గిటారు, అద్దె డ్రమ్ములు, పక్కన ఊరినుంచి పిలుచుకొచ్చిన పలక మనిషి. ఒకే శ్రుతి మీద మొదలుపెట్టారు. రెండో నిమిషంలో గిటారు పలకను వెతుక్కుంది. మూడో నిమిషంలో పలక గిటారును దొరికించుకుంది. నా ఒళ్లు జలదరించింది. నాలుగో నిమిషంలో ఒక నిర్వాహకుడు మైకు లాక్కుని, "చాల్లే నాయనా, ఒక మంచి మాస్ పాట వేసుకోండి" అన్నాడు. పిల్లలు వేశారు. అందరూ ఎగిరారు. పలక మనిషి మాత్రం వేదిక వెనక బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. ఆ నాలుగు నిమిషాలను ఎవరూ రికార్డు చేయలేదు. ఈ జిల్లాలో పుట్టి, పుట్టినచోటే చచ్చిపోయిన తొలి ఆల్బం నా లెక్కలో అదే.

ఇక గిటారు పట్టిన పిల్లలకో మాట. మిమ్మల్నీ వదలను. నల్ల టీషర్టు మీద పరాయి బ్యాండు బొమ్మ, నోట్లో పుట్టని ఇంగ్లీషు, ఇంటర్నెట్‌లో చూసి నేర్చిన పోజు! తులూజ్ కుర్రాళ్లు వాళ్ల ఖండపు తాతల్ని తవ్వుకున్నారు. మీరూ వాళ్ల తాతల్నే తవ్వుతానంటే ఎట్లా? మీ తాత మునిరెడ్డో మునెయ్యో, పంబో పలకో కొట్టినవాడు మీ ఊళ్లోనే ఉన్నాడు. ఆయన దరువు ఎంత బరువైనదో మీ మెట్రోనోము కొలవలేదు. ఫజ్ పెట్టె కొనండి, వద్దనను. కానీ ఆ పెట్టెలోకి పంపేది మీ ఊరి శబ్దం కావాలి.

అన్నమయ్య పిల్లవాడుగా ఈ మెట్లెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర అలసి పడిపోయాడని, లేచి అలమేలుమంగ మీద శతకం చెప్పాడని మన పెద్దల కథ. అలసట లేకుండా ఆ పాట రాలేదు. బరువు మోయకుండా ఏ పాటా రాదు.

కాబట్టి మే నెలలో జాతరకు రండి. పూసలకూ బజ్జీలకూ కాదు. తెల్లారగట్ల పలక కాచే మంట పక్కన నిలబడండి. ఫోను తీసి రికార్డు బటను నొక్కండి. పది నిమిషాలైనా ఆపకండి.