లేదనుట వేఱు, చూడలేదనుట వేఱు



కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాయు పనిలో నేడు మనుష్యులకు తోడుగా కృత్రిమమేధతో నడచు ఏజెంట్లు ప్రవేశించినవి. మన తెలుగు ఆడుబిడ్డలు పెక్కండ్రు ఈ వృత్తియందున్నారు గావున ఇది మన గృహములకు దూరపు సంగతి కాదు. ఏజెంటనగా, మనము చెప్పిన పనిని తానే మెట్లుమెట్లుగా విభజించుకొని, అందులకు వలయు సాధనములను తానే యెన్నుకొని నడుపునట్టి ప్రోగ్రాము. పెద్దసంస్థల కోడు లక్షలకొలది పంక్తులుండును. అందులో వలసిన చోటు కనుగొనుటకు ఏజెంటు వెదకు సాధనములపై ఆధారపడును. ఆ సాధనములను గూర్చిన వివరణ యెట్లు వ్రాయవలెనో ఈ మాసము ముచ్చటింప దలచితిమి.

ఇట్టి సాధనములలో పేరెన్నికగన్నది గ్రెప్. దీనిని అమెరికాలోని బెల్ లేబొరేటరీసునందు కెన్ థాంప్సన్ నిర్మించెను. 1973లో యూనిక్సుతో వెలువడినది. 2016లో వచ్చిన రిప్‌గ్రెప్ ఈ జాతిదే. మిక్కిలి వేగము గలది. ఇవి మనుష్యుల కొఱకు పుట్టినవి. మనుష్యునకు సందేహము కలిగినచో ప్రక్కవాని నడుగును. ఏజెంటునకో, తన ముందుంచిన వివరణయే ముఖ్యాధారము. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలో, ప్రతి సాధనమునకును ఒక పేరు, ఒక వివరణ, దాని కందీయవలసిన వస్తువుల పట్టిక యుండును. వానిని చదివియే ఏజెంటు ఏ సాధనమును ఎట్లు వాడవలెనో నిశ్చయించుకొనును.

క్రొత్తగా కుదిరిన పనిమనిషితో ఇల్లాలు, ‘అటకమీద ఇత్తడిబిందె యున్నదేమో చూడు’ మనెననుకొందము. ఆమె ముందువరుస మాత్రము చూచి, వెనుకనున్న పెట్టెలు తెఱవక, ‘లేదమ్మగారూ’ అనును. ఇల్లాలు మఱియొక బిందె కొని తెప్పించును. పనిమనిషి అబద్ధమాడలేదు, పెట్టెలు కూడ తెఱువుమని ఆమెకు ఎవరును చెప్పలేదు.

రిప్‌గ్రెప్ సంగతియు నిట్టిదే. ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే తప్ప అది చుక్కతో మొదలగు పేరుగల గుప్తపు ఫైళ్లను, ఫోల్డర్లను చూడదు. గిట్ విడిచిపెట్టవలెనని పట్టికలో వ్రాసినవానిని చూడదు. గిట్‌హబ్‌లో నుంచిన కోడునకు పరీక్షలు తమంతట జరుగుటకు వలయు ఆజ్ఞలు చుక్కతో మొదలగు పేరుగల ఒక ఫోల్డరునందే యుండును. అచ్చటినుండి మాత్రమే పిలువబడు చిన్న ప్రోగ్రాము ఒకటి యున్నదనుకొనుడు. ‘దీని నెవరైన వాడుచున్నారా?’ యని ఏజెంటు వెదకినచో ఆ వాడుక కంటబడదు. ‘ఎవరికిని అక్కఱలేదు’ అని ఏజెంటు దానిని తుడిచివేయవచ్చును. మఱునాడు పరీక్షలన్నియు నిలిచిపోవును. వివరణలో ఒక్క వాక్యము లేకపోవుటచే వచ్చిన చేటిది.

కావున వివరణ వ్రాయువారు మొదట, సాధనము ఎచ్చట చూచునో, అంతకంటె ముఖ్యముగా ఎచ్చట చూడదో, అచ్చటను చూడవలెనన్న ఏమి చేయవలెనో తెలుపవలెను. రెండవది, అడిగిన మాటను అది యెట్లు గ్రహించునో చెప్పవలెను. గ్రెప్ భాషలో చుక్క యనగా చుక్క మాత్రమే కాదు, ఏ అక్షరమైనను కావచ్చును. ఆంగ్లమున పెద్దక్షరములు వేఱు, చిన్నక్షరములు వేఱు. మూడవది, మౌనమునకు అర్థము చెప్పవలెను. గ్రెప్ తన పని ముగియగానే ఒక అంకె నిచ్చును: దొరికిన 0, దొరకకున్న 1, వెదకుటలోనే పొరపాటు జరిగిన 2. ఈ భేదమును మఱుగుపఱచి, రెండు సందర్భములందును వట్టి కాగితమునే ఏజెంటు చేతికిచ్చుట తగదు. నాలుగవది, ఫలితములు మితిమీరినప్పుడు కొన్నిటినే చూపు నియమమున్న యెడల, ‘ఇంకను గలవు’ అని తప్పక తెలుపవలెను.

అట్లని గ్రంథము వ్రాయ నక్కఱలేదు. వివరణలోని ప్రతిమాటయు ఏజెంటు ఒక్కమాఱు మనస్సున నుంచుకొనగల చోటులో కొంత నాక్రమించును. క్లుప్తముగా వ్రాసి, ఏజెంటుచేత నాలుగైదు పనులు చేయించి, అది తడబడిన చోట మాటలను సవరించుటయే మేలైన మార్గము.

‘అంత తెలివిగల యంత్రమునకు ఇంత చెప్పవలెనా?’ అని కొందఱందురు. తెలివి యెంతయున్నను తెఱవని పెట్టెలోని వస్తువు కానరాదు. ఈ పనిలోనున్న మన ఆడుబిడ్డలకు మా మనవి యొక్కటే: వివరణ ముగించుటకు ముందు ‘ఈ సాధనము ఇచ్చట చూడదు’ అను వాక్యము అందున్నదో లేదో చూచుకొనుడు.