ఎండ మనదే, మరి బిడ్డ ఎముకకు బలమేది?

"రోజంతా ఎండలో తిరిగే గిరిజనులకి విటమిన్ డి తక్కువేంటి? అదంతా ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల సమస్య." ఈ మాట మీరూ వినే ఉంటారు. ఈ ఒక్క మాటతో మన తల్లుల ఒంటి నొప్పులు, మన పసిబిడ్డల మెత్తని ఎముకలు లెక్కలోంచి పోతున్నాయి. అందుకే జవాబు చెప్పాలి.

కడుపులో ఉన్న బిడ్డకి విటమిన్ డి తల్లి నుంచే అందుతుంది. తల్లికి లేకపోతే బిడ్డ లోటుతోనే పుడుతుంది. పుట్టాక తల్లిపాలను మించింది లేదు, అవి మానకూడదు. కానీ వాటిలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే మొదటి ఏడాదంతా ప్రతి బిడ్డకి రోజుకి 400 యూనిట్లు చుక్కల రూపంలో ఇవ్వమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తోంది. లోటు ముదిరితే కాల్షియం పడిపోయి పసిబిడ్డకి ఫిట్స్ రావచ్చు, మాడు పూడటం ఆలస్యం కావచ్చు, నడిచే వయసుకి కాళ్లు వంకర పోవచ్చు.

మరి ఎండ? చర్మంలో విటమిన్ డి తయారుచేసేవి యూవీబీ కిరణాలు. నల్లని చర్మానికి ఎక్కువసేపు ఎండ కావాలి. మన కొండల మీదేమో నెలల తరబడి ముసురు. బాలింత ఇంట్లోనే, పొయ్యి పొగలో. "పొద్దున్నే లేత ఎండలో పడుకోబెట్టండి" అని సలహా ఇస్తారు. ఆ లేత ఎండలో యూవీబీ చాలా తక్కువ. అది బాగా ఉండే మిట్టమధ్యాహ్నం పసిగుడ్డుని బయట పెట్టగలమా?

నైజీరియాలో ఎండకి కొదవా? అక్కడ రికెట్స్ వచ్చిన పిల్లల మీద చేసిన పరిశోధన 1999లో వచ్చింది. కాల్షియం ఇచ్చిన పిల్లలు బాగా కోలుకున్నారు, విటమిన్ డి ఒక్కటే ఇచ్చినవాళ్లు అంతగా కోలుకోలేదు. అంటే తిండి కూడా చూడాలి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. డీఆర్ డిపో తెల్లబియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. పోడు మీద కేసులు పెట్టి, కంచంలోంచి చోడి అంబలి తీసేసి, ఇప్పుడు "మీకు ఎండ ఉందిగా" అంటే ఎలా?

కాగితం మీద మందు ఉంది. 2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 14వ వారం నుంచి రోజుకి రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలి. ఒక్కోదాంట్లో 250 యూనిట్ల విటమిన్ డి ఉండాలి. కాన్పయ్యాక ఆరు నెలలు కూడా ఇవ్వాలి. మీ ఊళ్లో అన్నాళ్లూ అందుతున్నాయా? ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగకూడదని ఆ తల్లికి కువిలోనో, కోయలోనో, గోండిలోనో ఎవరైనా చెప్పారా?

బిడ్డ సంగతి ఇంకా దారుణం. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ ఉంది. 9 నెలలకు విటమిన్ ఎ ఉంది. డి చుక్కలు మాత్రం షాపులో కొనుక్కోవాలి. డోలీ మోసుకుంటూ రోడ్డెక్కే ఊరివాళ్లని మందుల షాపుకి పొమ్మనడం వైద్యమా, వెటకారమా? "ముందు రక్తపరీక్ష చేయించండి" అని తప్పించుకోవద్దు. పోలియో చుక్కలకి ఎవరి రక్తం పరీక్షించారు?

మనం అడిగేది ఇదీ. కాన్పు తర్వాత ఇంటికొచ్చే ఆశా సంచిలో విటమిన్ డి చుక్కల సీసా ఉండాలి, ఏడాది పొడవునా అందాలి. వానలకు ముందే స్టాక్ కొండెక్కాలి. అంగన్‌వాడీలో గుడ్డుతో పాటు చోళ్లు పెట్టాలి. గుడ్డు ఒక్కటే చాలదు, దాంట్లో ఉండేది 40 యూనిట్లే.

తమ్ముడూ, చెల్లీ, ఈ పోస్టు షేర్ చేసి ఊరుకోకండి. మీ ఊళ్లో గర్భిణులెందరు, బాలింతలెందరు, ఎవరికి ఎన్ని మాత్రలు అందాయో రాయండి. ఆశా అక్క మీద అరవకండి, ఆమె మన ఇంటి మనిషే. స్టాక్ పంపనివాళ్లని అడగండి. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎం) సామాజిక రంగ సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకి, పంచాయతీకి అదుపు ఇచ్చింది. గ్రామసభలో తీర్మానం చేయండి, ఐటీడీఏ పీఓకి ఇచ్చి రసీదు తీసుకోండి.

అడవి మనది, ఎండ మనది. బిడ్డ ఎముక బలం కూడా మన హక్కే. జై ఆదివాసీ!