రోలరుకు ఆయుష్షు, బావికి గండం

బీరువాలకు, మోటారు వాహనాలకు వాడే పలుచని ఉక్కు రేకును రెండు ఉక్కు రోలర్ల నడుమ నొక్కి సాగదీస్తారు. రోలరు పైతలం ఎలా ఉంటే రేకు అలా వస్తుంది. రంగు పట్టి నిలవాలంటే రేకుకు కొద్దిపాటి గరుకుదనం కావాలి. అందుకే తిరగలికి కక్కు కొట్టినట్లు రోలరుకూ సన్నని గరుకు పెడతారు. అది అరిగి నునుపెక్కితే రోలరును తీసి, సానపట్టి, మళ్లీ గరుకు పెట్టాలి. సానపట్టిన ప్రతిసారీ రోలరు కొంత సన్నబడి చివరకు తుక్కు కింద పోతుంది.

ఈ అరుగుదలను తగ్గించడానికి గరుకు మీద క్రోమియం పూత వేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. పూత మందం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. అంతమాత్రానికే రోలరు రెండు మూడు రెట్లు ఎక్కువకాలం పనిచేయగలదు. ఉక్కు, విద్యుత్తు ఆదా అవుతాయి. ఇంతవరకు ఆక్షేపించదగినదేమీ లేదు.

చిక్కల్లా పూత వేసే తొట్టిలో ఉంది. అందులో ఉండేది క్రోమిక్ ఆమ్లం. ఈ జాతి క్రోమియం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే ప్రకటించింది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో క్రోమియం 0.05 మిల్లీగ్రాములు మించరాదు. తొట్టి కడిగిన నీటిని రసాయనాలతో విరిచి, సున్నంతో మడ్డిగా దింపితే ప్రమాదం తగ్గుతుంది. ఖర్చుకు వెనుదీసి కాలువలోకి వదిలితే అది బావుల్లోకి దిగుతుంది.

చిత్తూరు జిల్లా ప్రజలు దూరం వెళ్లి చూడనక్కరలేదు. సరిహద్దు దాటగానే వచ్చే రాణిపేటలో ఒక క్రోమేటు కర్మాగారం 1995లో మూతపడింది. అది రోలర్లకు పూత వేసే చోటు కాదు గాని విషం ఒకటే. రెండు లక్షల టన్నులకు పైబడిన వ్యర్థం గుట్టగా మిగిలి భూగర్భజలాన్ని పాడుచేసింది. యజమానులు పోయినా గుట్ట పోలేదు.

పూత పని పెద్ద మిల్లుల ఆవరణలోనే కాదు, విడి యూనిట్లలోనూ జరుగుతుంది. అటువంటి యూనిట్‌కు ఎవరైనా అనుమతి కోరితే ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న ఒక్క ప్రశ్నతో పంచాయతీ పెద్దలు సరిపెట్టుకోరాదు. కడిగిన నీరు ఎటు పోతుందో, మడ్డిని ఎవరు ఏ చోటికి తరలిస్తారో రాతపూర్వకంగా అడగాలి. పని మొదలు కాకముందే చుట్టుపక్కల బావుల నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని పంచాయతీ కార్యాలయంలో భద్రపరచాలి. అది లేకపోతే రేపు నీరు పచ్చబడినప్పుడు, మొదటినుంచీ ఇంతేనని యజమాని అంటే కాదనడానికి రైతు చేతిలో ఆధారం ఉండదు.