మాయ మాత్రలును, మన బాలింతల ఖర్చును

గత మాసమున మన సంఘ సభ్యులలో ఒకరికి అమెరికాలోని డాలస్ నగరమునుండి కుమార్తె ఫోను చేసినది. ఆమెకు నెలలు నిండినవి. కాన్పు అయిన పిమ్మట మాయను పారవేయక, దానిని ఎండబెట్టి, పొడిచేసి, మాత్రలుగా మార్చి యిచ్చువారు అక్కడ కలరట. బాలింత ఆ మాత్రలు మ్రింగినచో నీరసము తీరును, పాలు పడును, మనసునకు దిగులు పట్టదు అని వారి మాట. అడిగిన వెల 300 డాలర్లు. అనగా మన లెక్కలో 25,000 రూపాయలకు పైమాట. “చేయించుకొందునా, నాన్నా?” అని బిడ్డ అడిగినది. ఏమి చెప్పవలెనో తోచక ఆయన మా అంగడికి వచ్చిరి.

మేము వైద్యులము కాము. మెట్రిక్ వరకు చదివి, కప్పగల్లులో కిరాణా వర్తకము చేసుకొనుచున్నవారము. అయినను వెలగల వస్తువేదైన ఎదుటికి వచ్చినప్పుడు సరుకెంత, తూకమెంత, లాభమెవరికి అని విచారించుట మా వృత్తి ధర్మము. తెలిసినవారిని అడిగియు, చదివియు గ్రహించిన సంగతులను సభ్యులందరి యెదుట పెట్టుచున్నాము.

మాయను కడిగి, ఆవిరిపై ఉడికించి, లేదా పచ్చిదే పలుచగా కోసి, యంత్రములో ఎండబెట్టి, ఆ పొడిని ఖాళీ గొట్టపు మాత్రలలో నింపుదురు. ఇంతే ఆ విద్య. ఎంత వేడిచేయవలెను, ఎంతకాలము నిలువయుంచవచ్చును అను ప్రమాణములేవియు అక్కడ నిర్ణయింపబడియుండలేదు. “జంతువులన్నియు తమ మాయను తామే తినును గదా, మనుష్యులేల మానవలెను?” అనునది అమ్మువారి ముఖ్యవాదము. ఈ మాట విన్నచో మన రైతులు నవ్వుదురు. ఆవు ఈనిన రాత్రి మనవారు కొట్టములో మేలుకొనియుండుట దేనికి? అది తన మాయను తినకుండ చూచుటకే గదా! తెల్లవారిన పిమ్మట దానిని గడ్డిలో చుట్టి మర్రికొమ్మకు వ్రేలాడగట్టుట ఈ సీమలో కన్నడిగులును తెలుగువారును ఎరిగిన ఆచారమే. మనిషి మాయనైతే మంత్రసాని పెరటిలో లోతుగా పాతి, కుక్కలు త్రవ్వకుండ పైన బండ పెట్టించెడిది. ఇప్పుడు ఆసుపత్రులలో 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములను అనుసరించి పసుపు సంచిలో వేసి కాల్చివేయుదురు, లేదా లోతుగా పూడ్చుదురు. ఆచారమును చట్టమును ఇచ్చట ఒకే మాట చెప్పుచున్నవి.

ఇక పరీక్షల సంగతి. లాస్ వేగస్ నగరమునందలి నెవాడా విశ్వవిద్యాలయము వారు 23 మంది స్త్రీలను తీసుకొని, కొందరికి మాయ మాత్రలును, కొందరికి గొడ్డుమాంసపు పొడి మాత్రలును, ఏది యెవరికి వచ్చినదో తెలియనీయక ఇచ్చి చూచిరి. 2017లో ఆ ఫలితము ప్రకటితమైనది. రక్తములోని ఇనుము విషయమున రెండు జట్లకును చెప్పదగిన భేదము కనబడలేదు. పరీక్ష చిన్నదే, కాని అమ్మువారి చేతిలో ఆ మాత్రపు సాక్ష్యమును లేదు. 2016లో ఆరెగాన్ రాష్ట్రమున ఒక పసికందుకు రక్తములో క్రిమి చేరి జబ్బుచేసినది. చికిత్సచేసి ఇంటికి పంపిన కొలదిదినములకే జబ్బు తిరుగబెట్టినది. విచారింపగా తల్లి మ్రింగుచున్న మాయ మాత్రలలో ఆ క్రిమియే కనబడినది. ఇట్టి మాత్రలను మానవలెనని అమెరికా ప్రభుత్వపు రోగ నివారణ కేంద్రము వారు 2017 జూన్ నివేదికలో హెచ్చరించిరి. ఎండిన మాయను శతాబ్దములుగా మందుగా వాడిన చైనా దేశమువారును 2015 నాటి తమ అధికారిక ఔషధ గ్రంథమునుండి దానిని తొలగించిరి.

“ఈ మాత్రలు కప్పగల్లులో అమ్మువారును లేరు, కొనువారును లేరు. మనకెందుకీ గొడవ?” అని పాఠకులు అడుగవచ్చును. మాత్ర వేరు గాని మాయ ఒక్కటే. కాన్పు అయిన ఇంటిలో భయమును ఉండును, సంతోషమును ఉండును. ఆ రెండింటి నడుమ ఎవరు చేయిచాచినను కాదనలేరు. ఈ సంగతి అమెరికాలో మాత్రలమ్మువారికి తెలియును. ఇచ్చట మాకును తెలియును. నిజము చెప్పవలెనన్న, మా అంగడిలో బాలింతలకని చెప్పి బలవర్ధక పొడి డబ్బాలను గాజు బీరువాలో అందరికి కనబడునట్లు ఎన్నో ఏండ్లు పెట్టితిమి. వేరుసెనగలు, పప్పు, బెల్లము అమ్మగా వచ్చు లాభముకంటె ఆ డబ్బాపై వచ్చునది మిక్కుటము. కూలిచేసుకొను ఇంటివారు వారము జీతమును ఆ డబ్బాకు పోయుట కన్నులార చూచియు ఊరకుంటిమి. మా తమ్ముని భార్య ప్రసవించినప్పుడు, బిడ్డను చూపుటకు ఆసుపత్రి వార్డులో ఒకరు అడిగిన 1,000 రూపాయలను సంతోషముగా ఇచ్చినవారము మేమే. ఆడబిడ్డయైనందున అది తగ్గించి అడిగినదట! ఆ మాటకు ఆనాడు నవ్వితిమి, నేడు సిగ్గుపడుచున్నాము. ఇవిగాక బారసాల భోజనములకు వడ్డీకి తెచ్చిన అప్పు బిడ్డ బడికి పోవు వయసు వచ్చినను తీరని ఇండ్లు మన వీధులలోనే ఉన్నవి.

ఇంత వ్యయములో బాలింత శరీరమునకు చేరునదెంత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. కర్ణాటకలో 47.8 మంది. దీనికి ప్రభుత్వము నిర్ణయించిన మందు ఇనుపధాతువు మాత్ర. గర్భమున 180 దినములు, కాన్పు పిమ్మట 180 దినములు, దినమునకొకటి. వెల ఏమియు లేదు. డాలసులో 300 డాలర్లకు ఆశపెట్టుచున్న ఇనుము ఇచ్చట ఊరికే ఇంటికి వచ్చుచున్నది. మనవారేమో అది మలబద్ధకము చేయునని, వికారము పుట్టించునని అటకపై పెట్టుచున్నారు. పథ్యము పేరిట బాలింతకు నీరును ఆకుకూరలును తగ్గించు ఇండ్లు ఇంకను కలవు. పాలిచ్చు తల్లికి దాహము తీర నీరు ఈయకుండుట ఏ శాస్త్రము? శొంఠి, మిరియము, పిప్పలి కూర్చిన కాయము పెట్టుడు, వలదనము. కాని కాయమొక్కటే కడుపు నింపదు.

ఉచితముగా రావలసినవి ఇంకను కలవు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తము, రాకపోకల బండి, అన్నియు ఉచితము. సాధారణ కాన్పునకు 3 దినములు, సిజేరియనుకు 7 దినములు భోజనమును ఉచితము. కర్ణాటకలో 2017 అక్టోబరు 2న ఆరంభమైన మాతృపూర్ణ పథకము గర్భిణులకును బాలింతలకును అంగన్‌వాడిలో పూట భోజనమునకై ఏర్పడినది. మనసునకు దిగులు పట్టినచో 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

సొమ్ము లెక్క చూతము. 2013 నాటి ఆహార భద్రతా చట్టము తల్లికి 6,000 రూపాయలకు తక్కువ కారాదని చెప్పినది. ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి కాన్పునకు ఇచ్చునది 5,000. మిగిలినది జననీ సురక్షా యోజనలో చూచుకొమ్మనిరి. ఆ యోజన క్రింద మన రాష్ట్రమున పేదయైన పల్లెటూరి తల్లికి వచ్చునది 700. కూడినచో 5,700! మూడువందల లోటును మా అంగడి కుఱ్ఱవాడైన పట్టుకొనగలడు. అయినను 5,700 వదలుకొని డబ్బాలకు పోయుట వివేకము కాదు.

“ప్రభుత్వ ఆసుపత్రి యన్న భయము” అని పలువురు మాతో అనిరి. ఆ భయమును మేము తేలిక చేయము. 2024 నవంబరులో మన బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ జరిగిన పిమ్మట అస్వస్థులైన బాలింతలలో ఐదుగురు మరణించిరి. నరములోనికి ఎక్కించిన ద్రవముపై అనుమానము కలిగి రాష్ట్రమంతట గగ్గోలైనది. ఆ తల్లుల బిడ్డలను తలచినచో ఇప్పటికిని గుండె చెరువగును. కాని దీనినుండి నేర్వవలసినదేమి? ఉచితమైన దానిని విడిచిపెట్టుట కాదు. అది మేలైనదిగా ఉండవలెనని గట్టిగా అడుగుట. కలవారు అప్పో సప్పో చేసి వేరొకచోటికి పోయినచో అచ్చట అడుగువారు మిగులరు. లేనివారి నోరు ఎవరికి వినబడును?

అడుగుటకు ముందు తెలియవలెను గదా. ఇచ్చటనే మన భాషా సంఘమునకు పని కలదు. మనకు ఆదోని, గుంతకల్లు, రాయదుర్గము, ఉరవకొండలతో ఇచ్చిపుచ్చుకొనుట ఎన్ని తరముల నాటిదో! 1953లో గీత గీసినది రాష్ట్రములకే గాని చుట్టరికములకు కాదు. ఆవలినుండి వచ్చిన కోడలికి తాయి కార్డుపై వ్రాసిన కన్నడము చదువరాదు. ఈవలి బిడ్డకు అచ్చట చీటీ తెలియును గాని ఇచ్చటి నియమము తెలియదు. తెలియనివారి చేతినుండి సొమ్ము లాగుట సులభము. అల్పసంఖ్యాక భాషవారు ఒక ప్రాంతమున 15 నుండి 20 శాతము ఉన్నచో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో కూడ ప్రచురించుట మేలని కేంద్రము 1956 నాటి రక్షణల పత్రమునందే సూచించినది. కన్నడము ఈ నేల భాష. దానిని తొలగింపుమని ఎవరును అనరు. దాని ప్రక్కన తెలుగులో ఒక కాగితము అంటింపుడని అడుగుటలో తప్పులేదు.

కావున మా సూచనలు ఇవి. కాన్పునకు రావలసిన ఉచిత సౌకర్యములను ఒక పుటలో తెలుగున వ్రాసి, ఆశా కార్యకర్తలకును ఆసుపత్రి వైద్యులకును చూపి, తప్పులు దిద్దించి, సంఘము ఖర్చున అచ్చువేయింపవలెను. గర్భిణి గల ప్రతి ఇంటికి అది చేరవలెను. వార్డులలో లంచమడిగినచో ఒంటరిగా పోక, సంఘము పక్షమున వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. బారసాలలకు అప్పుచేయరాదని పెద్దలు ముందుగా తమ ఇండ్లలో నడచి చూపవలెను. మా వంతుగా, ఆ పొడి డబ్బాలను గాజు బీరువానుండి తీసి వెనుక అరలోనికి మార్చితిమి. అచ్చు ఖర్చులో సగము మేము భరింతుము.

డాలసు బిడ్డకు తండ్రి ఏమి చెప్పెనందురా? “ఆ మాత్రలు వలదమ్మా. డాక్టరమ్మ ఇచ్చు ఇనుము మాత్రలు మానకుము, కడుపునిండ తినుము. ఆ సొమ్ముతో నలుబది దినములు వంటకు, ఇంటిపనికి ఒక మనిషిని పెట్టుకొనుము, నీవు పండుకొనుము” అని. మేము విచారించిన శాస్త్రమంతయు ఆ నాలుగు మాటలలోనే ఇమిడినది.